పురుగులకు ఆపరేషన్ మందు

ఆ రోజుల్లో మెదక్ బజారులో చదువు రానివాడికి బతకడం పెద్ద కష్టమేమీ కాదు, చదువు వచ్చినట్టు కనిపిస్తే చాలు. అలా కనిపించడంలో నన్ను మించినవాడు లేడు. అంగీ జేబులో ఒక పెన్ను ఉండేది (అందులో సిరా లేదు, ఎన్నడూ అవసరం పడలేదు). ఎవరైనా కాగితం చేతికిస్తే ముందు దాన్ని కొంచెం దూరంగా పట్టుకోవాలి, కనుబొమలు ముడవాలి, ఒకసారి గొంతు సవరించుకోవాలి, ఆ తర్వాత తెచ్చినవాణ్ణే ‘మరి నువ్వేమనుకుంటున్నవ్’ అని అడగాలి. కాగితంలో ఉన్నదంతా వాడే చెప్పేస్తాడు. ఇప్పుడు నాకు అక్షరాలు వచ్చాయి, కూర్చుని రాస్తున్నాను, కాబట్టి నవ్వుతూ రాయగలుగుతున్నాను. కానీ ముందే చెప్పడం మంచిది. ఈ సంగతిలో నవ్వు సగం దాకానే ఉంటుంది. ఇందులో ఒక కుంట చచ్చిపోయింది, ఒక ముసలమ్మ కూడా పోయింది. రెంటికీ నా నోరే కారణం.

నాకప్పుడు ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. మాది పాపన్నపేట దిక్కు ఒక పల్లె, చేపలు పట్టే ఇల్లు. పొద్దంతా మోకాలి లోతు నీళ్ళలో నిలబడే పని నాకు నచ్చక మెదక్ వచ్చి ఎరువుల దుకాణంలో చేరాను. సేటు నన్ను చదువు వచ్చా అని అడగలేదు. జేబులో పెన్ను చూశాడు, రేపు రమ్మన్నాడు. అడిగి ఉంటే రాదనే చెప్పేవాణ్ణేమో. చెప్పేవాణ్ణని ఒట్టు మాత్రం వెయ్యలేను. బస్తాలు దించడం, డబ్బాలు తుడిచి పెట్టడం, ఏ మందు ఎన్ని నీళ్ళలో కలపాలో సేటు చెప్పింది రైతుకు మళ్ళీ చెప్పడం నా పని. జ్ఞాపకం గట్టిది, ఒకసారి వింటే పోయేది కాదు. అందువల్ల ఒక సంవత్సరం పైన ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ ఏడు వరికి కొత్త మందు ఒకటి వచ్చింది. పేకముక్కల్లో డైమండు గుర్తు ఉంటుంది చూడండి, డబ్బా మీద అలాంటి గుర్తు ఉండేది. దాని పై సగం మీద మా సేటు తన దుకాణం చిట్టీ అతికించేవాడు. మిగతా పనులన్నీ నాతో చేయించేవాడు గానీ ఈ అతికించే పని మాత్రం వెనక గదిలో కూర్చుని తానే చేసుకునేవాడు. డబ్బా నా చేతికి వచ్చేసరికి కింది సగమే కనిపించేది. మొన కిందికి పెట్టిన ఎర్ర త్రికోణం. ఆ త్రికోణం నాకు తెలిసినదే. దుకాణానికి ఎదురుగా దవాఖాన గోడ మీద అమ్మ, నాయన, ఇద్దరు పిల్లల బొమ్మ వేసి, పక్కన అచ్చం అలాంటి ఎర్ర త్రికోణమే రాసిపెట్టారు. అక్షరం ముక్క రానివాళ్ళకు కూడా ఆ రోజుల్లో అది చదవడం వచ్చు. ఆ గుర్తు వేసిన జీపు ఊళ్ళోకి వస్తే ఆపరేషన్ చేస్తారని మగవాళ్ళు చెరుకు తోటల్లోకి ఉరికేవారు.

ఒకరోజు టేక్మాల్ నుంచి వచ్చిన రైతు ఒకడు ఆ డబ్బా అటూ ఇటూ తిప్పి నా చేతిలో పెట్టాడు. “ఏం రాసిండ్రు తమ్మీ దీని మీద? జర సదివి జెప్పు.”

నేను డబ్బా దూరంగా పట్టుకున్నాను. కనుబొమలు ముడిచాను. ఎదురుగా దవాఖాన గోడ కనిపించింది. నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది. “ఇది పురుగులకు ఆపరేషన్ మందు కాకా. కుటుంబ నియంత్రణ. పురుగు సావది. పిల్లలు పుట్టయి, గంతే.”

ఆయన డబ్బా నా చేతిలోంచి తీసుకున్నాడు. “మరి ఇప్పుడున్న పురుగు పంట తినదా?”

“తింటది. కని ఎన్నొద్దులు తింటది? ముసలిదైతది. ముసల్ది ఎంత తింటది?”

“గది నిజమే,” అని రెండు డబ్బాలు పట్టుకుపోయాడు.

ఆ మాట ఊరూరా పాకింది. పురుగును చంపితే పాపం తగులుతుందని ఇన్నాళ్ళూ మందు ముట్టని ఉపవాసాల రైతులు కూడా వచ్చి, ‘ఆ పిల్లలు కానియ్యని మందు ఇయ్యి’ అని అడిగి తీసుకుపోయేవారు. సేటు ఒకరోజు లోపలి నుంచి నా ఉపన్యాసం విని, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నవ్వి, కళ్ళు తుడుచుకుని, “మస్తు చెప్పినవ్ రా. గట్లనే చెప్పు,” అన్నాడు. ఆయనకు చదువు వచ్చు. మూడు భాషలు వచ్చు. ఆయన ముఖం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది.

కలుపు తీసే ఆడవాళ్ళు మాత్రం ఎదురు తిరిగారు. ఆ మందు కొట్టిన మడిలోకి దిగేది లేదన్నారు. దిగితే తమకు కడుపులు నిలవవని వాళ్ళ భయం. శివ్వంపేట దిక్కు ఒక ఊళ్ళో వారం రోజులు ఎవరూ కలుపుకు పోలేదట. అది విని నేనూ సేటూ కలిసి నవ్వుకున్నాం. (ఆ మందును సరిగ్గా అర్థం చేసుకున్నవాళ్ళు జిల్లా మొత్తంలో ఆ ఆడవాళ్ళేనని ఇప్పుడు అనిపిస్తుంది. కారణం తప్పు, కాలు వెనక్కి తీసుకోవడం మాత్రం తప్పు కాదు.)

ఇక మా మామ సంగతి. మామ అంటే అమ్మ తమ్ముడు. మా పల్లెకు పక్క ఊళ్ళోనే ఉండేవాడు. ఆ ఊళ్ళో చేపలు పట్టే ఇళ్ళు పది, కుంట ఒకటి. ఏడాదికి ఒక ఇంటికి వంతు. తన వంతు అయిపోయిందంటే మళ్ళీ పదేళ్ళ దాకా ఆ కుంటలో వల వేసే హక్కు లేదు, మంజీర మీదికి పోయి దొరికినంత పట్టుకోవాల్సిందే. ఆ ఏడు వంతు మా మామది. ఆయన ఎండాకాలం నుంచే పని మొదలుపెట్టాడు. ఊరంతా తిరిగి పెండ ఏరి, గంపలకొద్దీ కుంటలో వేశాడు. నేను సెలవు రోజున పోయి ముక్కు మూసుకుంటే నవ్వాడు.

“వాసన జూసి పరేషాన్ గాకు అల్లుడా. పెండ ఏస్తె నీళ్ళకు పచ్చ పడ్తది. ఆ పచ్చను తిననీకి కంటికి ఆననంత పురుగు పుడ్తది. ఆ పురుగును చేప పిల్ల తింటది, పిల్లను కొర్రమీను తింటది, కొంగ తింటది, నేను తింట. నేనేమన్న చేపను పెంచుతున్ననా? నీళ్ళను పెంచుతున్న.”

“కొంగ తింటె నీకు నష్టం గాదా మామా?”

“కొంగ రెట్ట ఏడ వడ్తది? కుంటలనే వడ్తది. అది తిన్నదాన్ల సగం మల్ల నాకే ఇస్తది. నీ సేటు ఇస్తడా గట్ల?”

మామకు అక్షరం రాదు. ఈ మాటలే చాలా ఏళ్ళ తర్వాత బడి పుస్తకంలో బాణం గుర్తులు వేసి రాసి ఉంటే చూశాను. ఆయన బాణాలు లేకుండా, తట్ట నెత్తిన పెట్టుకుని చెప్పాడు. నేను ఒక చెవితో విన్నాను. రెండో చెవి గడప దగ్గర నిలబడ్డ మరదలి మీద ఉంది. మామ కూతురు. అయిదో తరగతి దాకా చదివింది, ఆ ఇంట్లో అక్షరం వచ్చింది ఆమె ఒక్కతికే. నాకు ఇస్తారని రెండు ఇళ్ళలోనూ అనుకుంటున్నదే. చదివిన పిల్లకు పెన్ను పెట్టుకున్న పిల్లగాడు. ఆ జోడీ చూసుకుని మా అమ్మ ఎంత మురిసిపోయేదో.

కుంటకు ఎగువన పటేల్ పొలం ఉంది, బావి కింద. వానాకాలంలో ఆ పొలంలో ఎక్కువైన నీళ్ళు ఒక కాలువ గుండా వచ్చి కుంటలో పడతాయి. ఆ ఏడు పటేల్ వరికి మొగి పురుగు పట్టింది. మందు కావాలని కబురు పెడితే, మామ ఊరే కదా, మరదలిని చూసినట్టూ ఉంటుందని నేనే సైకిల్ మీద డబ్బాలు కట్టుకుని పోయాను. పొలం గట్టు మీద పటేల్, మామ, ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు. మామ డబ్బాను ముట్టలేదు, దూరం నుంచే చూశాడు.

“అల్లుడా, పటేలు మందు కొడ్తడు. రేపో ఎల్లుండో వాన కొట్టేటట్టున్నది. మడి నీళ్ళు నా కుంటలకే వస్తయి. నేను కాలువకు మట్టి అడ్డం ఏసి, నీళ్ళు అటు వాగులకు మలుపుదమనుకుంటున్న. ఒక్క దినం పని. మరి ఎయ్యాల్నా వద్దా? దాని మీద ఏం రాసిందో సదివి జెప్పు.”

పటేల్ కూడబలుక్కుని చదవగలడు గానీ అంత సన్నని రాతతో కుస్తీ పట్టే ఓపిక లేదు. “నువ్వున్నవ్ గద, చెప్పు,” అన్నాడు. కొంచెం దూరంగా మరదలు కడవ చంకన పెట్టుకుని నిలబడింది. రాదని చెప్పడానికి నాకు దొరికిన ఆఖరు అవకాశం అది. నేను డబ్బా దూరంగా పట్టుకున్నాను.

“ఇది పురుగులకే మామా. పిల్లలు పుట్టకుంట చేస్తది, సంపది. చేపలకేం గాదు.”

“చేపలకు గూడ ఆపరేషన్ అయితె? గుడ్డు పెట్టకపోతె?”

“పురుగు సైజుకే మందు గలిపిండ్రు. చేప పెద్దది, దానికి పని జెయ్యది.”

“రాసిందా గట్ల?”

“రాసింది మామా. సదివే గద చెప్తున్న.”

మామ భుజం మీది పార కిందికి దించాడు. ‘అయితె మంచిదే, ఒక దినం కలిసొచ్చె’ అని ఇంటికి పోయాడు. ఆ సాయంత్రం నాకు కోడి కూర పెట్టారు. మరదలు వడ్డించింది. నేను తిన్నాను, సిగ్గు లేకుండా రెండోసారి పెట్టించుకుని తిన్నాను.

మూడో రోజు పెద్ద వాన కొట్టింది. మెదక్‌లో దుకాణం అరుగు మీద నిలబడి ఆ వానను చూస్తూ నేను సంతోషించాను, చల్లబడింది కదా అని. ఆదివారం పొద్దున, చర్చి గంటలు మోగుతుండగా సైకిల్ తీసుకుని మామ ఊరికి బయలుదేరాను. కుంట దగ్గరికి వచ్చాక ఏదో తేడాగా తోచింది. ముందు అర్థం కాలేదు. వాన పడ్డాక కప్పలు అరిచే అరుపులకు ఆ కట్ట మీద మాట వినపడదు. ఆ రోజు నా సైకిల్ చైను చప్పుడు నాకు వినిపిస్తోంది. కట్ట ఎక్కి చూస్తే కుంట నిండా తెల్లగా పరిచినట్టు ఉంది. చేపల కడుపులు. బొచ్చెలు, రవ్వలు, వేలెడు పిల్లలు, అన్నీ వెల్లకిలా. తుంగలో ఒక తెల్ల కొంగ పడి రెక్క కొట్టుకుంటోంది. లేవాలని చూసి మెడ తిప్పుకుని మళ్ళీ పడుతోంది.

జనం మాత్రం సంబరంగా ఉన్నారు. గంపలు, బిందెలు, చీర కొంగులు, ఎవరికి దొరికింది వాళ్ళు ఏరుకుంటున్నారు. కొత్తనీళ్ళు పడ్డప్పుడు చేపలు ఊపిరాడక పైకి తేలడం చూడనిది కాదు, అదే అనుకున్నారు. మామ కట్ట మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎవరినీ వద్దనలేదు. చచ్చిన చేపను ఆపి ఆయనేం చేసుకుంటాడు. ఒక గట్టు మీద ఏరిన చేపలు కుప్ప పోసి ఉన్నాయి, పంచుకోవడానికి.

నేను పరుగెత్తి పోయి, “తినకుండ్రి, పారెయ్యిండ్రి, మందు నీళ్ళకు సచ్చినయి,” అన్నాను.

ఒకాయన గంప దించకుండానే అన్నాడు, “నువ్వే గద తమ్మీ పిల్లలు పుట్టకుంట చేస్తదన్నవ్? నాకు ఆరుగురున్నరు. ఇంక పుట్టకుంటె నా పెండ్లాం నీకు దండం బెడ్తది.”

అందరూ నవ్వారు. మామ ఇంటి పక్కన జర్దవ్వ అని ఒక ముసలమ్మ ఉండేది. ఎప్పుడూ దవడన జర్దా పెట్టుకునేది, అందుకని ఆ పేరు. ఆమె అప్పటికే పొద్దున్నే వండుకుని తిని, మళ్ళీ ఏరుకోవడానికి గిన్నె పట్టుకుని వచ్చింది. “నాకింక కాన్పులెందుకు కొడుకా,” అంది. “ఆపరేషన్ అయితె అయితదిగని, పులుసు మాత్రం మస్తుగున్నది.”

అప్పుడు చెప్పాను. “నాకు సదువు రాదు. ఆ డబ్బా మీద ఏం రాసిందో నాకు తెల్వది. గోడ మీద బొమ్మ జూసి చెప్పిన.”

ఒక్కరు నమ్మలేదు. అబద్ధం చెప్పినప్పుడు జిల్లా మొత్తం నమ్మింది. నిజం చెబితే పటేల్ పెద్దగా నవ్వి, “చూసిండ్రా, చేపలు మొత్తం మామ అల్లుండ్లు బజారుల అమ్ముకుంటందుకు ఏషం ఏస్తుండు. మొన్న సదువొచ్చె, ఇయ్యాల పాయెనా?” అన్నాడు. జేబులోని పెన్ను తీసి చూపించాను, సిరా లేదని. ‘అయిపోయి ఉంటది’ అన్నారు. ఒక సంగతి ఆ రోజు తెలిసింది. చదువు వచ్చునని నిరూపించడానికి ఒక వాక్యం చాలు. రాదని నిరూపించడానికి దారి లేదు. ఎవరో కాగితం ఇచ్చి చదవమన్నారు. రాదన్నాను. ‘కావాల్నని సదువుతలేడు’ అన్నారు. అది కూడా నిజమే కదా, వచ్చినవాడు కూడా అలాగే నిలబడగలడు.

మరదలు కూడా ఆ జనంలోనే ఉంది. ముందుకు వచ్చి, “బావా, ఈడ నిలబడు, నా దిక్కు జూడు,” అంది. నేను నిలబడ్డాను. పటేల్‌ను నా పక్కన నిలబెట్టింది. తర్వాత పుల్ల తీసుకుని కట్ట మీది తడి మట్టిలో పెద్ద పెద్ద అక్షరాలు రాసింది. రాస్తున్నంతసేపూ పటేల్ పెదవులు కదుపుతూ కూడబలుక్కుంటున్నాడు. ఉన్నట్టుండి ఆయన ఒక్క కేక పెట్టి ఎగిరి, ధోవతి కాళ్ళకు అడ్డం పడి, కుంట అంచు బురదలో కూలబడ్డాడు. జనంలో చదువు వచ్చిన మరో ఇద్దరు కూడా వెనక్కి దుమికారు. నేను కరెంటు స్తంభంలా నిలబడే ఉన్నాను. నా ముఖంలో ఏ మార్పూ లేదట.

‘నీ కాళ్ళ ఎనుక పామున్నది’ అని రాసింది ఆమె.

కొందరు నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు లేదు. పటేల్ బురదలోంచి లేచి నా వైపు చూశాడు, తుంగలో కొంగ వైపు చూశాడు, తన పొలం నుంచి వచ్చే కాలువ వైపు చూశాడు. ఆయన మోకాలి దాకా ఆ నీళ్ళే. గబగబా తుడుచుకున్నాడు. గంపలు కింద పెట్టారు, అందరూ కాదు, కొందరు పెట్టారు. ఒకామె గంప పెట్టినట్టే పెట్టి మళ్ళీ ఎత్తుకుంది. ‘మంచి చేపలే, ఉప్పు ఎక్కువేసి వండుకుంట’ అంటోంది. అప్పుడు మామ లేచాడు. ఇంటికి పోయి కిరసనాయిలు (మా దిక్కు గ్యాస్‌నూనె అంటాం) డబ్బా తెచ్చి, గట్టు మీది కుప్ప మీద పోశాడు. ఆ గంపలో కూడా పోశాడు. ఇంకొకరి బిందెలో పోశాడు. పదేళ్ళకు ఒకసారి వచ్చే వంతు. వాసనకు ఇంక ఎవరూ నోట పెట్టుకోలేనట్టు చేశాడు. డబ్బా ఖాళీ అయ్యాక దాన్ని నా చేతికిచ్చి, “గుంత తవ్వు,” అన్నాడు. తవ్వాను.

జర్దవ్వ మధ్యాహ్నానికి వాంతులు చేసుకుంది. చేతులు వణకడం మొదలైంది. పటేల్ ట్రాక్టర్ మీద పరుపు వేసి మెదక్ దవాఖానకు తీసుకుపోయాం, మామ, నేను. దారి పొడుగునా ఆమె నోరు ఆగలేదు. “నా లగ్గానికి గూడ గింత పెద్ద బండి ఎక్కలే,” అంది. దవాఖాన గోడ పక్కన దించుతుంటే ఎర్ర త్రికోణం వైపు వేలు చూపించబోయింది, వేలు నిలబడలేదు. “గిదేనారా కొడుకా నువ్వు సదివింది?” అని అడిగింది. అవునన్నాను. “బొమ్మలైతె పిల్లలు మంచిగున్నరు,” అంది. అదే నాతో ఆమె మాట్లాడిన ఆఖరు మాట. మర్నాడు పొద్దెక్కాక పోయింది. కంపౌండరు ఒక కాగితం చేతికిచ్చాడు. మామ అలవాటు కొద్దీ నా దిక్కు తిరిగి, “ఏం రాసిందిరా...” అని మధ్యలోనే ఆపేశాడు. ఆ కాగితం మడిచి చాలా ఏళ్ళు దాచాను. నాకు అక్షరాలు వచ్చేసరికి అది లేదు, ఏ గుడిసె మారినప్పుడో చెదలు తిన్నాయి. ముసలమ్మ దేనివల్ల పోయిందని వాళ్ళు రాశారో నాకు ఇప్పటికీ తెలియదు.

మరుసటి ఏడు వంతు వచ్చిన ఇంటివాళ్ళు కుంటలో కొత్త పిల్లలను వదిలారు. అవి పెరగలేదు. నీళ్ళు అద్దంలా తేటగా ఉన్నాయి, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. దారిన పోయేవాళ్ళు ఆగి ఎంత మంచి నీళ్ళని మెచ్చుకునేవారు. మామ ఒకసారి చెయ్యి ముంచి తీసి, “సచ్చిన నీళ్ళు గిట్లనే ఉంటయి. పచ్చ లేదు, పచ్చల పురుగు లేదు. చేప ఏం దినాలె, గులకరాళ్ళా?” అన్నాడు. కొంగలు రాలేదు. కప్పలు లేవు. కప్పలు లేవని దోమలకు ఎవరు చెప్పారో తెలియదు, ఊరి మీద పడ్డాయి, ఇంటికొకరు చలిజ్వరంతో మూలిగారు. పటేల్ పొలంలో మొగి పురుగు రెండో ఏడు మళ్ళీ వచ్చింది, దాన్ని ఏరుకుని తినే పిట్ట మాత్రం రాలేదు. నేను చెప్పిన దాంట్లో ఒక మాట నిజమైంది. అది కుటుంబ నియంత్రణ మందే. కొంగకు పిల్లలు లేవు, కప్పకు లేవు, చేపకు లేవు. పురుగుకూ దోమకూ మాత్రం ఆపరేషన్ అయినట్టు లేదు.

మామ ఇంటికి పోయి ఒకసారి కాళ్ళ మీద పడ్డాను. లేపాడు. “సదువు రాదని నాకు కోపం లేదురా. నాకు మాత్రం వచ్చా? రాదని ఒక్క మాటంటె నేను ఆ దినం కాలువకు అడ్డం ఏసుకుందును,” అన్నాడు. మరదలిని శివ్వంపేటకు ఇచ్చారు. పెళ్ళికి నన్ను పిలిచారు, పందిట్లో నీళ్ళు మోశాను. అప్పగింతలప్పుడు నా దగ్గర ఆగి, “అక్షరాలు నేర్చుకో బావా, యాభై ఆరే ఉంటయి,” అంది. ఎంత తేలికగా అందో, నాకు అంత కాలం పట్టింది. దుకాణం అప్పుడే మానేశాను. హమాలీ చేశాను, రైస్ మిల్లులో చేశాను. యాభై దాటాక, చర్చి దగ్గర ఒక టీచరమ్మ పెద్దవాళ్ళకు సాయంత్రం పూట చెబుతోందని తెలిసి పోయి కూర్చున్నాను. బస్తాలు మోసి మొద్దుబారిన నా వేళ్ళు చూసి ఆమె సుద్ద ముక్క ఇవ్వలేదు, లావు బొగ్గు పెళ్ళ ఇచ్చింది, సన్నని సుద్ద విరిగిపోతుందని.

చదవడం కుదురుకున్నాక ఒకరోజు బజారులో ఎరువుల దుకాణం ముందు పారేసిన డబ్బా చేతికి తీసుకున్నాను. అదే డైమండు గుర్తు. దాని మీద ఏ చిట్టీ లేదు. కింది సగం ఎర్రగా, మొన కిందికి. పై సగంలో పుర్రె బొమ్మ, దాని పక్కన తెలుగులో ఒక మాట. రెండే అక్షరాలు, ఒక సున్నా. ‘వి’ దగ్గర కొంచెం ఆగాను, ‘షం’ దగ్గర గొంతుక్కూర్చున్నాను. దుకాణంవాడు ఎండదెబ్బ తగిలిందనుకుని నీళ్ళు తెచ్చాడు. మా సేటు వెనక గదిలో కూర్చుని అంత శ్రద్ధగా చిట్టీ అతికించింది సరిగ్గా ఆ చోటే. ఆయన ఎప్పుడో పోయాడు. చదువు వచ్చినవాడు చేసినదీ, రానివాడు చేసినదీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరిది పెద్దదో తేల్చే ఓపిక నాకు లేదు. నాది నేను రాశాను.

ఇప్పుడు అందరికీ తెలుసు నాకు చదువు వచ్చని. మొన్న ఒక పిల్లగాడు, పాపన్నపేట దిక్కు రైతే, మందు సీసాతో వచ్చే మడత కాగితం తెచ్చి నా ముందు పరిచాడు. పది భాషల్లో ఉంది, చీమ కాళ్ళంత అక్షరాలు. “తాతా, జర సదువు. మా పొలం కింద చెరువున్నది, దాన్ల చేపలున్నయి. ఏమన్న అయితదా?” అన్నాడు. కళ్ళద్దాలు పెట్టుకున్నాను, తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాను. ఎండలోకి జరిగాను. కొన్ని మాటలు దొరికాయి, కొన్ని దొరకలేదు, దొరికిన వాటిలో సగం అర్థం కాలేదు.

“నాకు తెల్వది బిడ్డా,” అన్నాను. “ఎవుసం ఆఫీసుకు వోయి అడుగు. తెలిసేదాక సీస మూత తియ్యకు.”

“గంత సదివి తెల్వదంటవేంది?” అని కాగితం లాక్కున్నాడు. బండి స్టార్ట్ చేస్తూ వెనక కూర్చున్నవాడితో అన్నాడు, నాకు వినపడేటట్టే అన్నాడు. “అద్దాలు వెట్టుకుంటడుగని ముసలోనికి ఏం రాదురా.”

బండి వ్యవసాయ ఆఫీసు ఉన్న వైపే తిరిగింది. నేను అరుగు మీద కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాను.